గురుగృహము : యాకోబు గ్రిమ్

ఎర్రకుళ్లాయి బాలిక కథను, సిండరెల్లా కథను, తోడేలు మోసమునకు లోనైన ఏడు మేకపిల్లల కథను ఏదో యొక రూపమున విననివారు అరుదు. వీనిని జర్మనీదేశపు పల్లెలనుండియు, పట్టణములనుండియు సేకరించి గ్రంథస్థము గావించినవారు గ్రిమ్ సోదరులు. వారిలో పెద్దవాడు యాకోబు. అతడు కథలు సేకరించుటకై చదువుకొన్నవాడు కాడు. తండ్రివలె న్యాయశాస్త్రము నేర్చి, సర్కారు కొలువులో చేరి, తల్లిని, తమ్ములను పోషింపవలెనని విశ్వవిద్యాలయమునకు వెళ్లిన పేదవిద్యార్థి. అతని త్రోవ ఒక ఆచార్యుని ఇంటిలో, పుస్తకముల బీరువా ముందర మరలినది.

యాకోబు గ్రిమ్ 1785 జనవరి 4వ తేదీన హానౌ పట్టణమున జన్మించెను. ఆ దినములలో జర్మనీ ఒకే రాజ్యముగా లేదు. పెద్దవియు చిన్నవియు నగు అనేక సంస్థానములుగా చీలియుండెను. హానౌ హెస్సె-కాసెల్ సంస్థానమునకు చెందినది. యాకోబుకంటె ఒక ఏడు చిన్నవాడు విల్హెల్ము. వారి తరువాత మరి ముగ్గురు తమ్ములు, ఒక చెల్లెలు. తండ్రి ఫిలిప్ గ్రిమ్ 1791లో ష్టైనౌ అను చిన్న ఊరికి సంస్థానపు అధికారిగా వచ్చెను. విశాలమైన సర్కారు బంగళా, పనివారు, చుట్టును తోటలు, పొలములు - పిల్లల బాల్యము అచట సుఖముగా గడచెను.

ఆ సుఖము అయిదేండ్లకే ముగిసెను. 1796 జనవరిలో తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో నలువదినాలుగవ యేట మరణించెను. అప్పటికి యాకోబుకు పదునొకండేండ్లు నిండి వారము దినములైనను కాలేదు. బంగళా ఖాళీ చేయవలసివచ్చెను. తల్లి డొరోతియాకు ఆరుగురు పిల్లలతో బ్రదుకు భారమయ్యెను. ఆమె అక్క హెన్రియెట్టె కాసెల్ నగరమున రాజాంతఃపురమునందు పరిచర్య చేయుచుండెను. ఆ పెద్దతల్లియే 1798లో యాకోబును, విల్హెల్మును కాసెల్‌నకు పిలిపించి, తన జీతములోనుండి ఖర్చు పెట్టి, అచటి ఉన్నతపాఠశాలలో చేర్పించెను.

అన్నదమ్ములు ఇద్దరును ప్రొద్దుపోవువరకు చదివెడివారు. చదువులో వెనుకబడియున్నవారు గనుక తోటివారిని అందుకొనుటకు శ్రమ అధికముగా పడవలసివచ్చెను. అయినను శ్రమకంటె ఎక్కువగా యాకోబు మనస్సును నొప్పించినది మరియొకటి కలదు. ఆ పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు నగరపు బాలురను గౌరవవాచకముతో సంబోధించుచు, చిన్న ఊరినుండి వచ్చిన యాకోబును మాత్రము తక్కువవారిని పిలుచు మాటతో పిలిచెడివాడు. ముదిమియందు సైతము యాకోబు దానిని మరువలేదు.

1802వ సంవత్సరము వసంతమున యాకోబు న్యాయశాస్త్రము చదువుటకై మార్బుర్గు విశ్వవిద్యాలయమునకు బయలుదేరెను. తండ్రి చదివిన చదువు అది. తల్లి కోరికయు అదియే. కాని ఆ సంస్థానమున విశ్వవిద్యాలయ ప్రవేశము ఉన్నతోద్యోగుల కుమారులకే పరిమితమై యుండెను. చనిపోయిన చిన్న అధికారి కుమారుడు చేరవలెనన్నచో రాజుగారి ప్రత్యేకానుజ్ఞ కావలెను. అనుజ్ఞ లభించెను గాని విద్యార్థివేతనము లభింపలేదు. ధనవంతులైన జమీందారుల బిడ్డలకు వేతనములు దొరకుచుండగా, వితంతువు కుమారునకు మొండిచేయి చూపిరి. లేమి మనుష్యుని కష్టపడి పనిచేయువానినిగా చేయునని యాకోబు పెద్దవాడైన పిమ్మట వ్రాసెను. అది నిజమే కావచ్చును. కాని ఆ మాటవలన వేతనము పంచినవారి అన్యాయము తగ్గదు.

మార్బుర్గు కొండవాలున కట్టిన పాత ఊరు. కొండ నెత్తమున కోట. క్రింద లాన్ నది. వీధులు అనేకములు మెట్లదారులే. ఇండ్లలోని మెట్లకంటె వీధులలోని మెట్లే లెక్కకు ఎక్కువ అనిపించును. కొన్ని ఇండ్లకు పైకప్పు వైపునుండి ప్రవేశము. యాకోబు ఒక ఇరుకు వీధిలో గది అద్దెకు పుచ్చుకొనెను. మరుసటి సంవత్సరము విల్హెల్మును వచ్చి చేరెను. విల్హెల్ము రోగి, ఊపిరాడని జబ్బు, గుండెదడ అతనిని తరచు మంచమున పడవేసెడివి.

విశ్వవిద్యాలయమున పాఠములన్నియు ఒకే తీరున లేవు. ఒక ఆచార్యుని ఉపన్యాసము నిద్ర తెప్పించునది. మరియొకరి తర్కపాఠము వలన ఏమియు ఒరగలేదు. వైస్ అను ఆచార్యుని రోమకన్యాయ పాఠములు మాత్రము ఉల్లాసముగా నుండెడివి. ఆ వైస్ ఆచార్యుని శిష్యుడొకడు అప్పుడే అదే విశ్వవిద్యాలయమున బోధింప నారంభించియుండెను. అతడే ఫ్రీడ్రిహ్ కార్ల్ ఫాన్ సావిన్యీ.

సావిన్యీ 1779లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున పుట్టెను. అనగా శిష్యుడగు యాకోబుకంటె ఆరేండ్లు మాత్రమే పెద్ద. ఆయనకును బాల్యమున దుఃఖము తక్కువ కాదు. పదుమూడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి తల్లిదండ్రులను, తోబుట్టువులను అందరిని పోగొట్టుకొని ఏకాకి అయ్యెను. అయితే ఆయనకు తండ్రి విడిచిన ఆస్తి సమృద్ధిగా నుండెను. ధనమున్న ఆ యువకుడు కొలువుల జోలికి పోక, ఆ కాలపు ఉన్నతవంశీయులు తక్కువగా చూచు బోధకవృత్తిని ఎన్నుకొనెను. ఉన్న ధనములో గొప్పభాగము పుస్తకములకే వెచ్చించెను.

యాకోబు 1802-03 శీతకాలమున సావిన్యీ ఉపన్యాసములకు వెళ్లనారంభించెను. న్యాయశాస్త్రమును ఏ పద్ధతిని అధ్యయనము చేయవలెనన్నది వాని విషయము. చట్టము ఆకాశమునుండి ఊడిపడినది కాదనియు, దానికి పుట్టుక, పెరుగుదల ఉన్నవనియు, ఒక నియమమును గ్రహింపవలెనన్న దాని చరిత్రను మూలగ్రంథములలో వెదకవలెననియు ఆయన బోధించెను. కంఠస్థము చేయుటయే న్యాయవిద్య అనుకొని వచ్చిన విద్యార్థికి ఇది క్రొత్త. యాకోబు ఒక్క మాటయైనను జారవిడువక వ్రాసికొనెను.

సావిన్యీ విద్యార్థులకు అప్పుడప్పుడు ఒక సమస్య నిచ్చి సమాధానము వ్రాసి తెమ్మనెడివాడు. మొదటి సమస్య వారసత్వమునకు సంబంధించినది. తండ్రి బ్రదికియుండగనే ఒక సంతానమునకు కొంత సొమ్ము ముట్టచెప్పినచో, ఆయన పోయిన పిమ్మట మిగిలినవారితో భాగములు పంచుకొనునపుడు ఆ సొమ్మును లెక్కలోనికి తేవలెనా, వలదా? తెలుగునాట అన్నదమ్ముల తగవులలో వినబడు ప్రశ్నయే ఇది. రోమకన్యాయము దీనికి చిక్కుచిక్కుగా సమాధానములు చెప్పియున్నది. యాకోబు చిక్కులన్నియు విప్పి, సమస్యను సంపూర్ణముగా పరిష్కరించెను. గురువు మెచ్చుకొనెను. అంతకుముందు ఆ నగరమున అతనిని మెచ్చుకొన్న పెద్దవారు లేరు. ఆ సంతోషము చెప్పనలవి కాదు.

అటుపిమ్మట వ్రాసిన కాగితములను అందించుటకు యాకోబు గురువు ఇంటికి పోవలసివచ్చెడిది. సావిన్యీ నివాసము కోటకు దాపున, కొండమీది వీధిలో నుండెను. మెట్లెక్కి పైకి పోవలెను. కిటికీలోనుండి చూచినచో క్రింద ఊరి కప్పులు, నదిలోయ కనబడును. మొదట కాగితము చేతికిచ్చి వెనుకకు వచ్చుట. తరువాత ఒక నిమిషము నిలువబడి మాటాడుట. ఆపైన కూర్చుండి సందేహములడుగుట. ఈ విధముగా రాకపోకలు పెరిగెను. విల్హెల్మును అన్నవెంట వచ్చుచుండెను. తరగతిలో వేదికమీద నిలిచినవాడు ఆచార్యుడు. ఇంటిలో పుస్తకమును చేత పట్టుకొని, తనకు తెలియనిచోట తెలియదని చెప్పుచు, శిష్యునితోపాటు వెదకువాడును ఆయనయే. పండితుడు ఎట్లు పనిచేయునో ఆ పిల్లలు కన్నులార చూచిరి. ఇది ఏ పాఠ్యప్రణాళికలోను లేని పాఠము.

ఆ ఇంటిలో అన్నిటికంటె యాకోబును ఆకర్షించినది గ్రంథాలయము. పేదవిద్యార్థికి అన్ని పుస్తకములు ఒకచోట చూచుటయే పండుగ. ఒకనాడు న్యాయగ్రంథముల నడుమ వేరు తీరు పుస్తకమొకటి అతని కంటబడెను. తీసి విప్పెను. అది బోడ్మర్ అను పండితుడు 1758-59 సంవత్సరములలో ప్రకటించిన ప్రాచీన జర్మన్ గీతముల సంపుటము. ఆరువందల ఏండ్లనాడు రాజాస్థానములలో ప్రేమగీతములు పాడిన కవుల కృతులవి. భాష జర్మనే, కాని సగమే అర్థమగుచుండెను. తన తల్లిభాషయే తనకు ఇంత అపరిచితమా అను ఆశ్చర్యముతో అతడు పుటలు త్రిప్పెను. పుస్తకమును ఎరవు అడుగుటకు మాత్రము ధైర్యము చాలలేదు. మరల బీరువాలో నుంచి ఇంటికి పోయెను. కాని అది అతని మనస్సును వీడిపోలేదు. తరువాతి జీవితమున ఆ గ్రంథమునే అతడు మొదటినుండి తుదివరకు పలుమారులు చదువవలసియుండెను.

సావిన్యీ ఆ పుస్తకమును శిష్యునికి చూపలేదు; చదువుమని చెప్పలేదు. ఆయన చేసినది ఒక్కటే: తలుపు తెరచి ఉంచెను.

1803లో సావిన్యీ స్వాధీనహక్కును గూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఇరువదినాలుగేండ్ల వయస్సున వ్రాసిన ఆ గ్రంథమువలన ఆయన పేరు యూరపుఖండమంతట ప్రాకెను. 1804లో ఆయన కునిగుండె బ్రెంటానో అను ఆమెను వివాహమాడెను. ఆమె సోదరుడు క్లెమెన్స్ బ్రెంటానో కవి. అతని మిత్రుడు ఆహిమ్ ఫాన్ ఆర్నిమ్ కూడ కవియే. వీరిద్దరును జానపదగీతములను ప్రోగుచేయుచుండిరి. గురువు బంధువర్గము ద్వారా గ్రిమ్ సోదరులకు వీరి స్నేహము లభించెను.

అదే సంవత్సరము సావిన్యీ మధ్యయుగపు న్యాయగ్రంథముల వ్రాతప్రతులను పరిశీలించుటకై భార్యతో పారిస్ నగరమునకు పయనమయ్యెను. నగరము చేరునప్పుడు గొప్ప ఉపద్రవము జరిగెను. ఏండ్లతరబడి వ్రాసికొన్న కాగితములున్న పెట్టెను దొంగలు అపహరించిరి. పని మరల మొదలు పెట్టవలెను. ఒక్కరివలన అగునది కాదు. అప్పుడు సావిన్యీకి జ్ఞప్తికి వచ్చినవాడు మార్బుర్గులోని యాకోబు. వచ్చి సహాయము చేయగలవా యని జాబు వ్రాసెను. యాకోబు చదువు ఇంకను పూర్తి కాలేదు. అయినను తల్లి అనుమతి పొంది, 1805 జనవరి చివర, గడ్డకట్టు చలిలో, ఇరువదేండ్ల వయస్సున పారిస్‌నకు బయలుదేరెను.

పారిస్‌లో అతడు సావిన్యీ కుటుంబముతోనే నివసించెను. పగలంతయు గ్రంథాలయమున పాత లాటిన్ వ్రాతప్రతులను చదివి నకళ్లు తీయుటయే పని. ప్రాచీనలిపిని చదువుట, ఒక ప్రతిని మరియొక ప్రతితో పోల్చుట, పాఠభేదములను గుర్తించుట అచటనే పట్టుబడెను. మార్బుర్గునుండి విల్హెల్ము ఒక జాబులో, ఆ వ్రాతప్రతుల నడుమ పాత జర్మన్ కవిత్వము కూడ ఉండునేమో చూడుమని వ్రాసెను. యాకోబుకు సావిన్యీ ఇంటి బీరువా గుర్తు వచ్చెను. బోడ్మర్ ఏ వ్రాతప్రతినుండి గీతములను తీసికొనెనో ఆ ప్రతి అప్పుడు పారిస్ గ్రంథాలయముననే ఉండెను. యాకోబు దానిని అడిగి తెప్పించుకొని, అందలి రంగుల చిత్తరువులను చూచి, కొన్ని భాగములు వ్రాసికొనెను. ఎరవు అడుగ వెరచిన విద్యార్థి రెండేండ్లు తిరుగకమునుపే మూలప్రతినే చేతపట్టుకొనెను. ఇంతకంటె గట్టి చదువు మరొకటి లేదు.

అన్నదమ్ములు ఎడబాసియున్న ఆ ఎనిమిదినెలలు ఇద్దరికిని దుర్భరమయ్యెను. ఇకముందు ఎన్నడును విడిపోరాదనియు, పుస్తకములు ఉమ్మడిగానే ఉంచుకొనవలెననియు వారు జాబులలో నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయమును వారు ఏబదేండ్లకు పైగా నిలుపుకొనిరి. 1825లో విల్హెల్ము పెండ్లియాడిన తరువాత సైతము యాకోబు అదే ఇంటిలో బ్రహ్మచారిగా ఉండిపోయెను.

1805 శరత్తున యాకోబు గురువుతో తిరిగివచ్చెను. న్యాయశాస్త్రపు పట్టము పుచ్చుకొనలేదు. 1806లో కాసెల్‌లో యుద్ధశాఖయందు ఏడాదికి నూరు థాలరుల జీతముపై గుమాస్తాగా చేరెను. బిగుతైన దుస్తులు, పొడిచల్లిన జుట్టు, వెనుక జడ - ఇది కొలువు వేషము. అదే యేట ఫ్రెంచిసైన్యములు సంస్థానమును ఆక్రమించెను. 1808లో తల్లి మరణించెను. ఆ యేడే నెపోలియన్ తమ్ముడు జెరోమ్ రాజు గ్రంథాలయమున యాకోబుకు ఉద్యోగము దొరకెను. అచట పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలోనే కథల పుస్తకము పెరిగెను.

కథలను వారు పలువురివలన వినిరి. కాసెల్‌లోని మందులవర్తకుడు విల్డ్ గారి కుమార్తెలు కొన్ని చెప్పిరి. వారిలో ఒకతెయే తరువాత విల్హెల్ము భార్య. ఊరి వెలుపలినుండి కూరలు మొదలగునవి అమ్మవచ్చు డొరోతియా ఫీమాన్ అను దర్జీభార్య మరి అనేకము చెప్పెను. ఆమె ఒకమారు చెప్పిన కథను మరల చెప్పుమన్నచో మాట మారకుండ చెప్పగలిగెడిది. 1812లో ఆర్నిమ్ కాసెల్‌నకు వచ్చి, వ్రాసియుంచిన కథలను చూచి, అచ్చువేయక దాచుట తగదని చెప్పి, బెర్లినులో ప్రకాశకుని కుదిర్చిపెట్టెను. ఆ సంవత్సరము డిసెంబరులో 86 కథలతో మొదటి సంపుటము వెలువడెను. 1815లో 70 కథలతో రెండవది వచ్చెను. 1857 నాటి ఏడవ ముద్రణకు కథల సంఖ్య 200 అయ్యెను.

ఇంతలో సావిన్యీ బెర్లిను విశ్వవిద్యాలయమున ప్రధానాచార్యుడయ్యెను. జర్మనీ అంతటికిని ఒకే శాసనసంపుటము తయారు చేయవలెనని 1814లో తిబౌ అను పండితుడు కోరగా, సావిన్యీ దానికి ఎదురు చెప్పెను. చట్టము కొందరు కూర్చుండి ఒక్కమారుగా వ్రాసిపెట్టునది కాదు. భాషవలె ప్రజలలో పుట్టి, వారి అలవాట్లతో పెరుగునది అని ఆయన వాదము. చట్టము భాషవంటిదని గురువు చెప్పగా, శిష్యుడు ఆ భాషనే పట్టుకొనెను. యాకోబు 1816లో గురువు నడుపుచుండిన పత్రికలో న్యాయమునందలి కవిత్వమును గూర్చి వ్యాసము ప్రకటించెను. పూర్వకాలపు జర్మనులు ఒకని హద్దు ఎంతవరకో తెలియుటకు సుత్తిని విసరి, అది పడినచోటును గుర్తుగా తీసికొనెడివారు. భూమిని అమ్మినవాడు ఒక మట్టిపెళ్లనో, చెట్టుకొమ్మనో కొన్నవాని చేతిలో పెట్టెడివాడు. ఇట్టి ఆచారములు 1828లో అతడు ప్రకటించిన ప్రాచీన న్యాయాచారముల గ్రంథమున కోకొల్లలుగా కలవు. న్యాయశాస్త్రమును అతడు విడిచినాడనుట సగమే నిజము.

1819లో యాకోబు జర్మన్ వ్యాకరణము మొదటి భాగమును ప్రకటించి, దానిని సావిన్యీకి అంకితమిచ్చెను. న్యాయాచార్యునికి వ్యాకరణగ్రంథము అంకితమగుట వింతగా తోచవచ్చును. వారి కథ తెలిసినవారికి వింత లేదు. 1822 నాటి రెండవ ముద్రణలో అతడు హల్లుల మార్పును గూర్చిన సూత్రమును వివరించెను. సంస్కృతమున పాద, పంచ, పితృ అనువానిలోని పకారము ఇంగ్లీషున ఫుట్, ఫైవ్, ఫాదర్ అనుచో ఫకారమైనది. ద్వి, దశ అనువానిలోని దకారము టూ, టెన్ అనుచో టకారమైనది. ఈ మార్పులు ఒక క్రమమున జరిగినవి. డెన్మార్కు పండితుడు రాస్క్ వీనిని కొంత ముందుగనే గుర్తించియుండెను. కాని యాకోబు వీనిని క్రమబద్ధము చేసినందున ఈ సూత్రము అతని పేరనే చెల్లుచున్నది. ఇంచుమించు ఆ కాలముననే, 1816లో, చెన్నపట్టణమున ఫ్రాన్సిస్ ఎల్లిస్ అను ఇంగ్లీషు అధికారి తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతజన్యములు కావనియు, ఒక ప్రత్యేక కుటుంబమునకు చెందినవనియు కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణపు ఉపోద్ఘాతమునకు చేర్చిన వ్యాసమున నిరూపించెను. భాషలకును వంశచరిత్రలు గలవను భావము ఆనాడు అనేకదేశముల పండితులకు తోచుచుండెను.

1830 నుండి యాకోబు హానోవరు రాజ్యములోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా, గ్రంథాలయాధికారిగా పనిచేసెను. విల్హెల్మును అచటనే చేరెను. ఒకనాడు మెట్లెక్కి గురువు తలుపు తట్టిన విద్యార్థి ఇప్పుడు తానే ఆచార్యుడు. గురువు నేర్పిన న్యాయము శిష్యునికి పరీక్షగా వచ్చినది కూడ ఇచటనే.

1837లో ఎర్నెస్ట్ ఆగస్టు హానోవరునకు రాజయ్యెను. 1833 నాటి రాజ్యాంగము తన అధికారమునకు అడ్డుగా నున్నదని ఆయన నవంబరు 1వ తేదీన దానిని రద్దుచేసెను. ఆచార్యులందరును ఆ రాజ్యాంగమును పాటింతుమని ప్రమాణము చేసినవారే. రాజాజ్ఞచేత ప్రమాణము మాసిపోవునా? అనేకులు ఊరకుండిరి. ఏడుగురు మాత్రము నవంబరు 18వ తేదీన తాము ప్రమాణమునకు కట్టుబడియున్నామని వ్రాసి సంతకములు చేసిరి. డాల్మాన్, ఆల్బ్రెష్ట్, గెర్వినుస్, ఎవాల్ట్, వేబర్, గ్రిమ్ సోదరులిద్దరు - వీరే ఆ ఏడుగురు. ప్రమాణము తప్పినవాడు విద్యార్థులయెదుట నిలిచి సత్యమును బోధింపజాలడని వారి ఉద్దేశము. విద్యార్థులు ఆ పత్రమునకు రాత్రికి రాత్రి నకళ్లు తీసి దేశమంతట పంచిరి.

డిసెంబరులో ఏడుగురిని పదవులనుండి తొలగించిరి. డాల్మాన్, గెర్వినుస్, యాకోబు - ఈ ముగ్గురును మూడు దినములలో రాజ్యము విడిచిపోవలెనని ఆజ్ఞ వెలువడెను. విద్యార్థులకు బండ్లు అద్దెకు ఈయరాదని అధికారులు కట్టడిచేసిరి. అందువలన విద్యార్థులు చలిలో కాలినడకనే సరిహద్దువరకు పోయి, వంతెనయొద్ద ఆచార్యులకు వీడ్కోలు చెప్పిరి. సరిహద్దు దాటి తన పుట్టినసంస్థానమున యాకోబు అడుగుపెట్టగనే ఒక ముసలమ్మ తన మనుమని చూచి, ఈయన దిక్కులేక వచ్చినవాడు, చేయి ఇమ్మని చెప్పెను. అవ్వలవంటివారి నోట విన్న కథలను లోకమునకు పంచినవానికి స్వదేశమున లభించిన స్వాగతము అది.

దేశమునందు పలుచోట్ల ప్రజలు చందాలు పోగుచేసి ఆ ఏడుగురికి జీతములు చెల్లించిరి. పలువురు పండితులు వారి పక్షమున మాటాడిరి. బెర్లినునుండి వినవలసిన ఒక్క కంఠము మాత్రము వినబడలేదు. సావిన్యీ బహిరంగముగా ఏమియు చెప్పలేదు. ఆయన ప్రషియా రాజ్యమున గొప్ప పదవులకు చేరువయైనవాడు. స్వభావము చేతను కలహమునకు దూరముగా నుండువాడు. ఆయన మరదలు, ఆర్నిమ్ భార్యయు నగు బెటీనా 1839లో ఆయనకు కఠినమైన జాబు వ్రాసి, మిత్రులు కష్టములో నుండగా మౌనము వహించుట తగదని నిందించెను. న్యాయము ప్రజలలో పుట్టునని బోధించిన గురువు, ఆ న్యాయము కొరకు శిష్యుడు వీథిని పడినపుడు నోరు మెదపకుండుటను సమర్థించుట కష్టము. యాకోబు మనస్సు నొచ్చుకొనెను. పూర్వపు చనువు తగ్గెను.

1840లో ప్రషియాకు క్రొత్తగా రాజైన నాలుగవ ఫ్రీడ్రిహ్ విల్హెల్ము గ్రిమ్ సోదరులను బెర్లినునకు ఆహ్వానించెను. 1841 వసంతమున వారు కాపురము అచటికి మార్చిరి. గురుశిష్యులు మరల ఒకే నగరమున నివసింపసాగిరి. సావిన్యీ 1842 మొదలు 1848 వరకు మంత్రిగా నుండెను. యాకోబు 1848లో ఫ్రాంక్‌ఫర్టున సమావేశమైన జాతీయసభకు సభ్యుడుగా వెళ్లెను. రాజకీయములలో వారి దారులు ఒకటి కాలేదు.

1850 అక్టోబరు 31వ తేదీకి సావిన్యీ పట్టము పొంది ఏబదియేండ్లు నిండెను. ఆ సందర్భమున యాకోబు గురువుకు కానుకగా ఒక వ్యాసము వ్రాసెను. గురువు యౌవనమున వ్రాసిన గ్రంథము స్వాధీనహక్కు. శిష్యుడు తన వ్యాసమునకు పెట్టిన పేరు స్వాధీనమను మాట. న్యాయపదమును వ్యాకర్త చేతిలో పెట్టి చూచుట ఇది. అందులో అరువదియైదేండ్ల ముసలివాడు మార్బుర్గు మెట్లను, కిటికీని, గ్రంథాలయమును, బీరువాలో బోడ్మర్ పుస్తకమున్న చోటును నిన్న చూచినట్లు వర్ణించెను. ఎరవు అడుగ వెరచిన సంగతిని గురువునకు అప్పుడు తెలియజేసెను.

ఆ దినములలో యాకోబు, విల్హెల్ములు జర్మన్ భాషకు మహానిఘంటువును కూర్చుచుండిరి. 1838లో తలపెట్టిన ఆ పనికి మొదటి సంపుటము 1854లో వెలువడెను. 1859 డిసెంబరున విల్హెల్ము మరణించెను. 1861 అక్టోబరున సావిన్యీ గతించెను. యాకోబు ఒంటరిగా పని సాగించి, ఫలము అను అర్థము గల ఫ్రుహ్ట్ అను పదము వ్రాయుచుండగా, 1863 సెప్టెంబరు 20వ తేదీన కన్నుమూసెను. నిఘంటువును తరువాతి తరములవారు కొనసాగించి 1961లో 32 సంపుటములుగా ముగించిరి.

సావిన్యీ మార్బుర్గున చెప్పిన న్యాయాధ్యయన పద్ధతి పాఠములను తాను ఎన్నడును అచ్చు వేయలేదు. కాని శీతకాలపు తరగతిలో పదునేడు పదునెనిమిదేండ్ల యాకోబు వ్రాసికొన్న కాగితములు చెడకుండ నిలిచెను. 1951లో అవి పుస్తకరూపమున అచ్చయ్యెను. సావిన్యీ ఆనాడు ఏమి బోధించెనో తెలియగోరు న్యాయశాస్త్ర పరిశోధకులు ఆ విద్యార్థి వ్రాతనే చదువుచున్నారు.